ఎర్ర మాత్రల వరస

"మాత్ర వేసుకున్నావా?"

ఆరేళ్ళుగా దుర్గాప్రసాద్ భార్యని అన్నం తిన్నావా అని అడిగిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఈ మాట అడగని రోజు మాత్రం లేదు. రాత్రి భోజనం ముగించి, చెయ్యి కడుక్కుని, సులోచన అందించిన తువ్వాలుతో తుడుచుకుంటూ అడుగుతాడు. వీధి గేటు వేశావా, గ్యాసు కట్టేశావా అని అడిగినట్టే ఉంటుంది ఆ గొంతు. వేసుకున్నానంటే సరేనని టీవీ ముందుకి వెళ్తాడు. ఇంకా లేదంటే మొహం చిట్లిస్తాడు. "రోజు మొత్తంలో నువ్వు గుర్తుపెట్టుకోవలసింది ఒక్క మాత్ర. అది కూడా నేనే చెప్పాలా?"

సులోచన గుర్తుపెట్టుకోవలసినవి ఇంకా కొన్ని ఉన్నాయి. తెల్లవారుజామున అత్తగారి మడినీళ్ళు, పిల్లల బాక్సులు, ఆయన ఇస్త్రీ చొక్కా, మధ్యాహ్నం నుంచి దేవుడి నగలు. బందరు చిలకలపూడిలో వాళ్ళది రోల్డ్ గోల్డ్ వ్యాపారం. అందరిలా కమ్మలూ గాజులూ కాకుండా గుళ్ళలో విగ్రహాలకి పెట్టే కిరీటాలు, కంఠహారాలు, వడ్డాణాలు చేయిస్తారు. కార్ఖానాలో పూత వేసిన భాగాలు ఇంటికి వస్తాయి. వాటికి రాళ్ళు అతికించడం, కొక్కేలు తగిలించడం, కుంకుడు రసంలో కడిగి రంపపు పొట్టులో ఆరబెట్టడం ఇంటి ఆడవాళ్ళ పని. ఇంటి ఆడవాళ్ళంటే సులోచన ఒక్కతే. కార్ఖానాలో ఇదే పని చేసే అంకమ్మరావుకి వారం వారం జీతం ఉంది. సులోచన చేసేదాన్ని మాత్రం "చేతి సాయం" అంటారు. "మా ఆవిడకి కాలక్షేపం కూడాను, దేవుడి పని కదండీ" అని దుర్గాప్రసాద్ గుళ్ళ వాళ్ళతో ఫోనులో చెబుతుంటే ఆమె చాలాసార్లు విన్నది.

మాత్రల అట్ట ఉండేది దేవుడి గదిలో. అది అత్తగారు సీతామహాలక్ష్మి చేసిన ఏర్పాటు. పాండురంగడి పటం పక్కన గోడ అలమరలో పంచాంగం, కర్పూరం డబ్బా, వాటి మధ్య ఈ అట్ట. అందులో మూడు వరసలు తెల్ల మాత్రలు, చివర ఒక వరస ఎర్ర మాత్రలు. తెల్లవి మందు. ఎర్రవి వట్టి ఇనుము, అవి మింగే వారంలోనే సులోచన బయట చేరుతుంది. తెల్లవే వరసగా మింగుతూ పోతే చేరదు. ఈ సంగతి అర్థమైన దగ్గర్నుంచి అత్తగారు ఆ అట్టని తన చేతిలోకి తీసుకుంది. వరలక్ష్మీ వ్రతం వచ్చే నెలలో, కార్తీకంలో, ధనుర్మాసంలో, పంచాంగం చూసి, వత్తులు కత్తిరించే కత్తెరతో ఎర్ర మాత్రల వరస కత్తిరించి పారేసి, కొత్త అట్ట చేతిలో పెడుతుంది. "అమ్మవారు ఇంటికొచ్చే రోజున నువ్వు మూల కూర్చుంటే ఎట్లా సులోచనా? నేనొక్కదాన్నే చూసుకోవాలా అంతా?"

మొదట్లో సులోచనకీ అది బాగానే ఉండేది. ఆమె అవనిగడ్డ పిల్ల. చిన్నప్పుడు అమ్మ వెంట వెళ్ళి కార్తీకమంతా కృష్ణలో దీపాలు వదిలింది. దేవుడి పని అంటే ఎవరూ బలవంతపెట్టనక్కర్లేని మనిషి. నెలంతా ఆటంకం లేకుండా దీపం పెట్టగలగడం అదృష్టమే అనుకుంది. కానీ కత్తిరించి పడేసిన ఎర్ర ముక్క చెత్తబుట్టలో కనిపించినప్పుడల్లా ఒక అనుమానం కదిలేది. ఆడదాని ఒంటికి ఇది పెట్టింది ఆ దేవుడే కదా. పెట్టినవాడే దీనితో నా దగ్గరికి రావద్దు అని ఎందుకంటాడు? అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు కనక ఆయన్నే అడిగి, దీపం కొండెక్కకుండా చూసి లేచొచ్చేది.

ఆయనకి కూడా చెప్పుకోని సంగతి ఇంకొకటి ఉంది. బయట ఉండే ఆ మూడు రోజులంటే ఆమెకి ఇష్టం.

వెనక వరండా చివర చిన్న గది. ఒక చాప, ఒక కంచం, ఒక చెంబు, ఒక దుప్పటి. కొత్తలో ఆ గుమ్మంలో కూర్చోవాలంటే ప్రాణం చచ్చిపోయేది. పాలవాడికి తెలిసిపోతుంది, గ్యాసు బండ తెచ్చినవాడికి తెలిసిపోతుంది. పిల్లవాడు మీదికి రాబోతే "ముట్టుకోకురా" అని అత్తగారు వీధి వినేలా అరుస్తుంది. అన్నం ఎత్తు నుంచి కంచంలో పడుతుంది. అయినా ఆ మూడు రోజులే వంటింట్లోంచి సులోచనా అన్న పిలుపు రాదు. మైల చేతుల్తో తాకకూడదు కనక దేవుడి నగలు రావు. రాత్రిపూట ఆ చాప మీదికి ఎవరి చెయ్యీ రాదు. మధ్యాహ్నం గోడకి జేరబడి వారపత్రిక చదువుకుంటూ, అది గుండెల మీద ఉండగానే నిద్రపోయేది. అవమానమూ విశ్రాంతీ తనకి ఒకే చాప మీద రాసిపెట్టి ఉన్నాయేమిటో అనుకునేది. అత్తగారి కత్తెర పూజకి అడ్డు తొలగిస్తున్నానని అనుకుంటూ ఆ చాపనే కత్తిరించేది.

రెండేళ్ళ కిందట ఏదో గుడి వాళ్ళ వడ్డాణం తొందరలో వరసగా మాత్రలు మర్చిపోయింది. నెల తప్పింది. గుడివాడ తీసుకెళ్ళి తీయించారు. తిరిగి వస్తుంటే కారులో దుర్గాప్రసాద్, "చూశావా, నీ మతిమరుపు వల్ల ఎంత ఇబ్బందో" అన్నాడు. ఇంటికొచ్చాక అత్తగారు పాండురంగడి ముందు నిలబెట్టి, "ఆ పాపం నీది. మావాడికి అంటకుండా చూడమని దణ్ణం పెట్టుకో" అంది. సులోచన పెట్టుకుంది. తన మాట చెప్పుకోవడం ఆ రోజు ఆమెకి తోచనే లేదు.

ఈ కార్తీకంలో సులోచన చిన్నాన్న కూతురు లహరి హైదరాబాదు నుంచి వచ్చింది. మంగినపూడిలో సముద్ర స్నానం చేసి వీళ్ళింటికి భోజనానికి వచ్చి, రాళ్ళు అతికిస్తున్న అక్క పక్కన చేరగిలపడింది. సులోచన పని ఆపి పదే పదే కళ్ళు తుడుచుకోవడం చూసి, "ఏంటక్కా, కంట్లో పొట్టు పడిందా?" అంది.

"పొట్టు కాదే. కంటి కొసన మెరుపులొస్తున్నాయి, వంకర టింకరగా. అవి రాగానే సగం తల పగిలిపోతుంది. మాత్రలు మొదలెట్టిన దగ్గర్నుంచీ ఇంతే. ఎవరికి చెప్పినా ఎండ అంటారు."

"ఇంట్లో కూర్చున్నదానికి ఎండేంటి? నువ్వింకా మాత్రలు మింగుతున్నావా? నేను మానేశా. రింగు పెట్టుకుంటున్నా."

లహరి గొంతు తగ్గించి చెప్పింది. చంటిపిల్ల గాజంత ఉంటుందట. మెత్తగా, నొక్కితే వంగుతుందట. మనమే లోపల పెట్టుకోవచ్చు. మూడు వారాలు ఉంచి తీసేస్తే నాలుగో వారంలో మామూలుగా వస్తుంది. తర్వాత కొత్తది. "రోజూ గుర్తుపెట్టుకునే గోల లేదు. నెలకోసారి."

"మరి మీ ఆయన ఏమన్నాడు?"

"ఆయన్ని అడగడమేంటి? ఆయన ఒంట్లో పెడుతున్నానా?"

సులోచనకి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఒక నెల ఊహించుకుంది. తువ్వాలు అందిస్తుంది, ఆయన చెయ్యి తుడుచుకుంటాడు, అడగడానికి ఏమీ ఉండదు. అలమరలో అట్ట ఉండదు. తను ఈ రోజు మందు మింగిందో లేదో, ఏ వారంలో ఉందో ఇంట్లో ఇంకో ప్రాణికి తెలియదు. ఆమెకి మందు మీద కంటే ఆ తెలియకపోవడం మీద ఆశ పుట్టింది.

మాటలు ఆ గదిలోనే ఆగలేదు. దేవుడి గదిలో వత్తులు చేసుకుంటున్న అత్తగారి చెవులు చురుకైనవి. "ఏంటమ్మా లహరీ ఆ గాజు సంగతి, నాకూ చెప్పు" అంటూ వచ్చి కూర్చుంది. లహరికి మొహమాటం లేదు, మొత్తం మళ్ళీ చెప్పింది. ముందుగా కొని పెట్టుకుంటే ఫ్రిజ్‌లో ఉంచాలని కూడా చెప్పింది.

"నైవేద్యం పాలు పెట్టే ఫ్రిజ్‌లోనా?"

"డబ్బాలో పెట్టుకోవచ్చండి అత్తయ్యగారూ."

"పోనీలే, కింది అరలో పెడదాం. అది లోపల ఉన్నప్పుడు మనిషి దూరమున్నట్టా, లేనట్టా?"

"మందేనండీ అది. మైలేముంటుంది?"

"తీస్తేనే గదా వచ్చేది. తియ్యకపోతే?"

"తీసిన వెంటనే కొత్తది పెట్టేసుకుంటే రాదండి. డాక్టర్ని అడిగి కొందరు అలా కూడా..." లహరి అక్క మొహం చూసి ఆపేసింది.

అప్పటికే ఆలస్యమైంది. సీతామహాలక్ష్మి మొహం విప్పారింది. "అయితే పన్నెండు నెలలూ బయట ఉండక్కర్లేదన్నమాట. ఇంత మంచి వస్తువు వచ్చిందని ఒక్కళ్ళూ చెప్పరే."

సాయంత్రం కొడుక్కి ఆవిడే చెప్పింది. దుర్గాప్రసాద్ వ్యాపారస్తుడు, ముందు ఏ లోహం అని అడిగాడు. లోహం కాదు, మెత్తని ప్లాస్టిక్ లాంటిదని సులోచన చెప్పింది. గదిలోకి వచ్చాక అసలు ప్రశ్న అడిగాడు.

"నాకు తగులుతుందా?"

"కొందరికి కొంచెం తెలుస్తుందటండీ. చాలామందికి తెలియదట."

"తెలుస్తుందనేగా. అయితే వద్దు. అలాంటిది ఒకటి అక్కడ ఉందని తలుచుకుంటే మనిషికి మనసొప్పుతుందా? మాత్రే నయం."

సులోచన దుప్పటి దులుపుతూ నిలబడిపోయింది. ఆరేళ్ళు ఆ తెల్ల మాత్ర ఆమె నాలుక మీద నుంచి దిగింది. పొద్దున లేస్తే వికారం. రొమ్ములు సలుపుతుంటే బిందె చంకనెత్తుకుంది. సగం తల మంటెత్తుతుంటే చారు కాచింది. మొహం మీద మచ్చలొస్తే పసుపు రాయమన్నారు. చిరాకు పడితే పొగరన్నారు. ఇన్నేళ్ళలో నీకు తగులుతోందా అని ఒక్కరికీ అడగాలనిపించలేదు. ఇంకా కంటితో కూడా చూడని రింగు, ఎప్పుడో, కాసేపు, కొంచెం తెలుస్తుందేమోనన్న అనుమానానికి ఇంత ఆలోచన. మందుకి మంచి చెడ్డలుంటాయని ఈ ఇంటికి తెలుసన్నమాట. ఎవరి ఒంటికి తగులుతుందన్నది చూసి గుర్తొస్తుంది.

తర్వాత రెండు పూటలు తల్లీ కొడుకుల మధ్య ఇదే వాదన. ఆవిడ పూజ కోసం రింగు అంటుంది, ఆయన తన సుఖం కోసం మాత్ర అంటాడు. "నీకు చెప్పినా అర్థం కాదమ్మా" అని ఆయన, "ఇల్లు నడిపేది నేను" అని ఆవిడ. ఇద్దరి కంచాల్లోనూ గోంగూర పచ్చడి వడ్డిస్తూ సులోచన మధ్యలో తిరిగింది. నీకేది కావాలని ఎవరైనా అడుగుతారేమోనని ఒకసారి ఆగి కూడా చూసింది. నెయ్యి అడిగారు.

ధనుర్మాసానికి ఇవ్వవలసిన కిరీటం ఒకటి ఇంట్లో ఉంది. దానికి ముందు వరస రాళ్ళు అతికిస్తుండగా మెరుపులు మొదలయ్యాయి. ఈసారి కంటితో ఆగలేదు. ఎడమ చెయ్యి మొద్దుబారింది. పిడికిలి ముయ్యమంటే ముయ్యదు. మాట్లాడబోతే నాలుక మందంగా అడ్డం పడింది. కిరీటం ఒళ్ళోంచి జారి గచ్చు మీద పడింది. చప్పుడుకి అత్తగారు పరుగున వచ్చి, కిరీటం తీసి కళ్ళకద్దుకుని, చెంపలేసుకుంది. దుర్గాప్రసాద్ గుమ్మంలోంచే "రాళ్ళేమైనా ఊడాయా?" అన్నాడు. రాళ్ళు ఊడలేదు. కాసేపటికి చేతికి పట్టు తిరిగి వచ్చింది. ఆ కాసేపూ ఆమె చెయ్యి ఎవరూ పట్టుకోలేదు.

మర్నాడు పిల్లల్ని బడికి పంపి, కూరగాయలకని చెప్పి, సులోచన ఆటో ఎక్కి ఒక్కతే లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. రింగు మంచిదా, మాత్ర మంచిదా అని అడిగింది. మెరుపులూ చెయ్యీ సంగతి వినేసరికి డాక్టరు రాస్తున్న కలం పక్కన పెట్టింది.

"రెండిట్లోనూ ఉండేది దాదాపు ఒకే రకం మందమ్మా. ఒకటి నోట్లోంచి పోతుంది, ఇంకొకటి ఉన్నచోటే ఉండి కొంచెం కొంచెంగా రక్తంలో కలుస్తుంది. రింగుతో రోజూ మర్చిపోతానన్న భయం లేదు, కొందరికి వికారం తక్కువ. మామూలు మనిషయితే ఏది వీలైతే అది వాడుకోమంటాను. నీకు రెండూ వద్దు. ఇట్లా మెరుపులొచ్చేవాళ్ళు ఈ మందు వాడితే మెదడులో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. కాలో చెయ్యో పడిపోతే పిల్లల్ని ఎవరు చూస్తారు? ఇవాళే ఆపెయ్. ఆ చెయ్యి సంగతి తేల్చుకోవడానికి పరీక్షలు రాస్తున్నాను, ఆలస్యం చెయ్యకు. అసలు ఇన్నేళ్ళూ ఎవరు రాసిచ్చారు నీకివి?"

"ఎవరూ రాయలేదండీ. షాపు నుంచి తెచ్చేవారు."

లూపు వేయించుకుంటే ఆగకుండా రక్తం పోయి తీయించేశారనీ, రెండు కాన్పులూ కోతలేననీ, రెండోసారి కుట్లకి చీము పట్టిందనీ చెప్పింది. డాక్టరు విని, "నిన్ను మళ్ళీ కొయ్యనక్కర్లేదు. మీ ఆయన్ని తీసుకురా. పిల్లలు పుట్టకుండా మగవాళ్ళకి చేసే ఆపరేషన్‌కి ఇప్పుడు కుట్టు కూడా ఉండదు, చిన్న పని. సాయంత్రానికి ఇంటికెళ్ళిపోతాడు. ఆ తర్వాత పరీక్ష చేసి సరేననేదాకా నిరోధ్ వాడమను" అంది.

ఇంట్లో ఆమె ఏదీ దాచలేదు. భోజనాల దగ్గర డాక్టరు మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పింది. పక్షవాతం మాట దగ్గర దుర్గాప్రసాద్ ముద్ద ఒక క్షణం ఆగింది. ఆపరేషన్ మాట దగ్గర పూర్తిగా ఆగిపోయింది.

"మగాడికి ఆపరేషనా? పాండురంగడి రథానికి మొదటి తాడు పట్టుకునేవాణ్ణి. బలం పోతే?"

"పోదటండీ."

"ఆ డాక్టరుకేం తెలుసు? కార్ఖానాలో తెలిస్తే కుర్రాళ్ళు వెనక నవ్వుకోరా? ఆ రెండోదాని కోసం షాపులో నిలబడి నోరు విప్పి అడగాలా నేను, ఈ బందర్లో?"

అత్తగారు మజ్జిగ వంచుకుంటూ అంది. "వాడి జోలికెళ్ళకు సులోచనా. చిన్నప్పట్నుంచీ సూది అంటే భయం వాడికి. జ్వరమొస్తే ఇంజెక్షన్‌కి నలుగురం పట్టుకునేవాళ్ళం. ఈ డాక్టర్లు అట్లాగే భయపెడతారు. కిరీటం పని అయిపోనీ, తీరిగ్గా చూద్దాం."

రెండుసార్లు పొట్ట కోయించుకున్న సులోచన, సూది అంటే భయపడే మనిషి కేసి చూసింది. ఆయన తల దించుకుని తింటున్నాడు. లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆమె తువ్వాలు అందించింది. వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంటూ, అలవాటైన గొంతుతో అడిగాడు.

"మాత్ర వేసుకున్నావా?"

ఆమె తువ్వాలు వెనక్కి తీసుకుని దండెం మీద ఆరేసింది. ఆయన జవాబు కోసం ఆగలేదు. టీవీలో వార్తలొస్తున్నాయి.

పొద్దున్నే సులోచన తలస్నానం చేసి, దేవుడి గదిలో దీపం పెట్టింది. అలమరలో కొత్త అట్ట ఉంది, ధనుర్మాసం వస్తోందని ఎర్ర వరస ముందే కత్తిరించి. ఆమె దాన్ని ముట్టుకోలేదు. చేతులు జోడించి చాలాసేపు నిలబడింది. ఇన్నాళ్ళూ నువ్వు దూరంగా ఉండమన్నావని వాళ్ళు చెబితే ఉన్నాను స్వామీ. ఈసారి నా అంతట నేనే ఉంటాను. తప్పయితే నువ్వే చెప్పు, వాళ్ళతో చెప్పించకు. దీపం నిమ్మళంగా వెలుగుతోంది. ఆమె బయటికి వచ్చి, పిల్లల బాక్సులు కట్టి, వెనక వరండా చివరి గదిలో చాప పరిచి, కంచం, చెంబు పక్కన పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది.

కిరీటం పళ్ళెంలో పెట్టుకుని వెతుక్కుంటూ వచ్చిన అత్తగారు ఆమెని చూసి ఆగిపోయింది.

"ఇక్కడున్నావేంటి? ఎర్రవి కత్తిరించి ఇచ్చాను గదా."

"ఇచ్చారండి."

"అయినా వచ్చిందా?"

"రాలేదండి. రాకుండానే కూర్చున్నాను."

ఆవిడకి అర్థం కాలేదు. ఈలోగా చిన్నవాడు సాయికిరణ్ బూట్లతో పరిగెత్తుకొచ్చాడు. "ముట్టుకోకురా" అన్న మాట ఆవిడ నోట్లోంచి దానంతటదే వచ్చింది. సులోచన వాణ్ణి ఒళ్ళోకి లాక్కుని లేసు కట్టింది. "పిల్లలు ముట్టుకోవచ్చండి. నాకు మైలేం లేదు. స్నానం చేసి దీపం కూడా పెట్టొచ్చాను."

నోట్లో బ్రష్షుతో దుర్గాప్రసాద్ వచ్చాడు. చాప చూశాడు, కంచం చూశాడు. తల్లికంటే ముందు ఆయనకే అర్థమైంది. మొహం ఎర్రబడింది.

"ఏంటీ నాటకం? కిరీటం ఎవరు చేస్తారు?"

"అంకమ్మరావు చేస్తాడండీ. జీతం ఇస్తున్నారు కదా."

"లే ముందు. లేచి లోపలికి రా."

సులోచన లేవలేదు. పిల్లవాడి రెండో బూటు లేసు కూడా కట్టి, చొక్కా సర్ది పంపించింది. సీతామహాలక్ష్మి పళ్ళెం కింద పెట్టి, కోడలి జబ్బ పట్టుకుని లేపుదామని ముందుకి వచ్చింది. ఆవిడ మడి కట్టుకుని ఉంది. గుమ్మం దాకా చాచిన చెయ్యి, యాభై ఏళ్ళ అలవాటు కొద్దీ, ఆ చాప అంచు దగ్గర ఆగిపోయింది. ముందుకి రాలేదు, వెనక్కీ వెళ్ళలేదు.

"ఎన్నాళ్ళే ఇట్లా?" అంది చివరికి, గొంతు తగ్గించి.

సులోచన గోడకి జేరబడి, పాత వారపత్రిక తెరిచి, చదవడం ఆపిన పేజీ కోసం వెతుకుతూ చెప్పింది.

"మీ అబ్బాయి ఆసుపత్రికి వెళ్ళొచ్చిన రోజున తలంటుకుని లోపలికి వస్తానండి."